ప్రేగుబంధం – ప్రేగువ్యాధి

తెలుగువారి వాత్సల్యమంతా కడుపులోనే ఉన్నది. బిడ్డమీది మమకారానికి కడుపుతీపి అని పేరు. బిడ్డను పోగొట్టుకొన్న దుఃఖం కడుపుకోత. సంతానం కలగడం కడుపు పండడం. ఆ సంతానం క్షేమంగా ఉండవలెనని పెద్దలు పలికే దీవెన "నీ కడుపు చల్లగా" అన్నది. కన్నబిడ్డ ప్రేగు తెంచుకొని పుట్టినది. ఆ బిడ్డకు పరదేశంలో ఆపద వచ్చినదని తెలిస్తే ఇక్కడ తల్లికి ప్రేగు కదులుతుంది. సంస్కృతకవి హృదయమన్నచోట, హిందీవారు కలేజా అన్నచోట, మన పల్లెటూరి ఇల్లాలు ప్రేగు అంటుంది. ఆమె మాటలో కవిత్వంతోపాటు కొంత శాస్త్రం కూడ ఉన్నది. ఆపదను వినగానే ముందు స్పందించేది ఎవరికైనా కడుపే గదా!

అయితే ఆ ప్రేగుకే నిజంగా జబ్బు చేసినప్పుడు ఈ భాష హఠాత్తుగా మూగపోతుంది. కడుపు చించుకొంటే కాళ్ళమీద పడుతుందని సామెత. ఇంటిగుట్టు బయట పెట్టరాదని దాని తాత్పర్యం. ఆ సామెతను అలంకారంగా గాక అక్షరాలా అనుభవించే మనుష్యులు మనలో ఉన్నారనీ, వారిలో చాలమంది తల్లులూ తండ్రులూ అనీ మన సాహిత్యం గుర్తించిన జాడలు తక్కువ. దీర్ఘకాలపు ప్రేగువ్యాధితో బ్రతుకుతూ బిడ్డలను పెంచే మనిషి కథలలో ఎందుకు కనిపించడు, కనిపించిన ఒకటి రెండు చోట్ల రచయిత ఆ మనిషిని ఏమి చేసినాడు అన్నది ఈ వ్యాసంలో నేను పరిశీలింపదలచిన విషయం.

వ్యాధిని గూర్చి ముందు నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. లేకపోతే నాలుగురోజుల విరేచనాలను గూర్చి ఇంత వ్యాసమా అని పాఠకుడు అనుకొనే ప్రమాదం గలదు. వైద్యులు రెండు ప్రధానవ్యాధులను ఒక గొడుగు క్రింద చేర్చి చెబుతారు. ఒకటి పెద్దప్రేగు లోపలిపొర పుండ్లుపడే అల్సరేటివ్ కొలైటిస్. ఆ పేరు శామ్యూల్ విల్క్స్ అనే ఆంగ్లవైద్యుడు 1859లో వ్రాసిన రచనతో ముడిపడి ఉన్నది. రెండవది నోరు మొదలుకొని మలద్వారం వరకు ఎక్కడనైనా రాగల క్రోన్స్ వ్యాధి. దానిని 1932లో న్యూయార్కు వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ కలిసి వర్ణించినారు. ఇవి ఎందుకు వస్తాయో నేటికీ పూర్తిగా తేలలేదు. శరీరాన్ని కాపాడవలసిన దండే సొంత కోటమీద తిరగబడడం వీటి లక్షణం. చాలమందికి పదిహేనుకూ ముప్పదియైదుకూ నడుమ, అనగా చదువూ పెండ్లీ బిడ్డలూ అన్నీ వచ్చిపడే వయస్సులోనే, ఇవి మొదలవుతాయి. మందులతో అణగుతాయి, అణగినవి అణగినట్లుండక మళ్ళీ లేస్తాయి. లేచిన దినాలలో రేయింబవళ్ళు కలిపి పదిపదిహేనుసార్లు పరుగెత్తవలసిన గతి పట్టవచ్చును. నెత్తురు పోతుంది, నీరసం కమ్ముతుంది. అణగిన దినాలలో మనిషి అందరివలెనే కనిపిస్తాడు. మన దేశంలో ప్రేగుక్షయకూ క్రోన్స్ వ్యాధికీ పోలికలుండుటచేత రోగనిర్ణయమే ఒక్కొక్కప్పుడు కష్టమవుతుంది. మంచి వైద్యం అందినచోట ఈ వ్యాధి సాధారణంగా ప్రాణం తీయదు. దినచర్యను మాత్రం తన చేతిలో పెట్టుకొంటుంది.

నవలాకారుడు దీనిని చేరదీయకపోవడానికి మొదటి కారణం ఇక్కడనే ఉన్నది. చంపని జబ్బుతో కథకు పనిలేదు. క్షయకు ఆ యోగ్యత ఉండెను. డ్యూమా నాయిక మార్గరీత్ మొదలు ఎందరు సుందరులు రుమాలలో నెత్తురుచుక్క చూపి పాఠకులను ఏడ్పించినారో లెక్కలేదు. ఊపిరితిత్తులు శరీరంలో పైఅంతస్తున ఉన్నవి. ఊపిరికీ ఆత్మకూ చుట్టరికమున్నది. సూసన్ సాంటాగ్ 1978లో ప్రకటించిన 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' అనే గ్రంథంలో ఈ సంగతి చక్కగా విప్పి చెప్పినది: క్షయ ఆత్మకు సంబంధించిన వ్యాధిగా చెలామణి అయినది, క్యాన్సరు వంటిది పెద్దప్రేగు మొదలైన చెప్పుకోరాని చోట్లను పట్టి సిగ్గుపెట్టే వ్యాధిగా మిగిలినది అని. రోగాన్ని రూపకంగా వాడరాదన్న ఆమె వాదాన్ని నేను పూర్తిగా అంగీకరించలేను. ప్రేగుబంధమనే మాట నా భాషలో ఉన్నంతకాలం అంగీకరించడం సాధ్యం కాదు. అప్పటికే ఆమె స్వయంగా క్యాన్సరు రోగి. ఒక కొడుకుకు తల్లి. ఆ పుస్తకంలో ఆ రెండు సంగతులూ ఎక్కడా కనిపించవు. దీనిని గుర్తుంచుకొనవలెనని పాఠకులను కోరుతున్నాను, ఎందుకనగా మున్ముందు మరొక రచయిత విషయంలో ఇదే మరుగు కనబడబోతున్నది.

రెండవ కారణం మన అలంకారశాస్త్రంలో ఉన్నది. బీభత్సరసానికి జుగుప్స స్థాయి అని భరతుడు చెప్పి, దానిని రెండు విధాలుగా విభజించినాడు. నెత్తురు మొదలైనవాటి దర్శనం వలన కలిగేది క్షోభజం. మలమూ క్రిములూ మొదలైనవాటి వలన కలిగేది ఉద్వేగి. నేను చెబుతున్న వ్యాధిలో ఈ రెండు విభావాలూ ఒక్కచోటనే కలిసివస్తాయి. మన కవులు బీభత్సాన్ని యుద్ధభూమికీ శ్మశానానికీ పంపివేసినారు. అక్కడ ప్రేగులు రాక్షసుల మెడలలో దండలైనవి. వత్సలరసాన్ని ఇంటిలో ఉంచుకొన్నారు. పదునాలుగవ శతాబ్దంలో విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వత్సలాన్ని పదియవ రసంగా అంగీకరించినప్పుడు, పుత్రాదులు దానికి ఆలంబనమని చెప్పినాడు. అంటే చూచేది పెద్దవారు, చూడబడేది బిడ్డ. ఈ చూపు ఎప్పుడూ ఒకవైపే సాగినది. బిడ్డ మలమూత్రాలను తల్లి తుడువడం బీభత్సమని ఏ ఆలంకారికుడూ అనలేదు, అనడు, అది వాత్సల్యమే. మరి తల్లి పరిస్థితిని బిడ్డ చూచినప్పుడు అక్కడ పుట్టే రసమేది? దానికి మన పట్టికలలో పేరు లేదు. ఇంటిలో మాత్రం అది ప్రతిదినమూ ఉన్నది.

వైద్యులకు ఈ సంకోచం లేకుండెను. చరకసంహిత చికిత్సాస్థానంలో పదునైదవ అధ్యాయం గ్రహణీరోగానికే కేటాయింపబడినది. అన్నాన్ని పట్టి ఉంచి, పచనమైన పిమ్మట విడిచిపెట్టే స్థానం గ్రహణి. ఆ పట్టు సడలడమే రోగం. పట్టుకొనుట అనే అర్థంగల గ్రహధాతువు దీనికి మూలం. గృహశబ్దాన్ని కూడ పాణినీయులు ఈ ధాతువు నుండియే సాధిస్తారు. గృహిణికీ గ్రహణికీ గల ఈ బంధుత్వం నాకు మొదట వ్యాకరణవినోదంగా కనిపించినది. తరువాత కాలంలో అంత వినోదంగా కనిపించలేదు.

ఇక సాహిత్యంలో దొరికేవాటిని చూతము. మొదట చెప్పవలసినది టాల్‌స్టాయ్ 1886లో ప్రకటించిన 'ఇవాన్ ఇల్యిచ్ మృతి'. ఇవాన్ ఇల్యిచ్ బాధ కడుపులోనిది. మూత్రపిండం జారినదా, ప్రేగు చెడినదా అని వైద్యులు తర్కించుకొంటూ ఉంటారు. రోగికి కావలసిన ప్రశ్న అది కాదు. టాల్‌స్టాయ్ చేసిన సాహసమేమనగా, ఆ గౌరవనీయుడైన న్యాయాధికారి మలవిసర్జనకు పరులమీద ఆధారపడవలసివచ్చిన అవమానాన్ని దాచకుండ వ్రాయడం. పల్లెటూరి యువకుడు గెరాసిమ్ వచ్చి ఆ పాత్రను తీసుకొనిపోతాడు, కడిగి తెస్తాడు. అతని ముఖంలో అసహ్యం లేదు, జాలి ప్రదర్శన లేదు; అందరమూ పోవలసినవారమే, కొంచెం శ్రమపడితే ఏమన్నట్లు ఉంటాడు. ఆ ఇంటిలో అబద్ధమాడనివాడు అతడొక్కడే.

అయితే ఆ ఇంటిలో ఒక కొడుకు కూడ ఉన్నాడు. వాస్యా అనే బడిపిల్లవాడు. గెరాసిమ్ తరువాత తన్ను అర్థంచేసుకొని జాలిపడేవాడు ఆ పిల్లవాడొక్కడే అని తండ్రికి తోచుతుంది. చివరి ఘట్టంలో, బాధతో విసిరిన తండ్రి చేయి కొడుకు తలమీద పడుతుంది. కొడుకు దానిని పట్టుకొని పెదవులకు చేర్చుకొని ఏడుస్తాడు. విశ్వసాహిత్యంలో తండ్రీకొడుకుల సన్నివేశాలలో దీనికి సాటివచ్చేవి తక్కువ. విమర్శకులందరూ దీనిని మెచ్చుకొన్నారు, నేనూ మెచ్చుకొంటాను. కాని పునఃపునః చదివినకొద్దీ నాకొక సంగతి స్పష్టమైనది. టాల్‌స్టాయ్ పనిని పంచివేసినాడు. పాత్రను మోయడం సేవకుని వంతు. చేతిని ముద్దుపెట్టుకొనడం కొడుకు వంతు. వాస్యా ఆ పాత్రను ఒక్కసారియైనా చూచినాడా? కథ చెప్పదు. అంతటి సత్యవాది కూడ బీభత్సాన్నీ వాత్సల్యాన్నీ ఒక్క చేతిలో పెట్టలేకపోయినాడు. రెండు చేతులు కావలసివచ్చినవి, ఆ రెండు చేతులు రెండు వర్గాలవి.

మన దేశంలో ఆ రెండవ చేయి వర్గంతో ఆగక పుట్టుకతో నిర్ణయమైనది. మానవమలాన్ని చేతులతో ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో మరింత విస్తృతంగా మరొకసారి చట్టాలు చేసుకొనవలసిన దేశం మనది. కాబట్టి భారతీయసాహిత్యంలో మలమూ పితృత్వమూ ఒకచోట చేరిన గొప్ప నవల రోగిని గూర్చి కాక, పాకీవానిని గూర్చి రావడం ఆశ్చర్యం కాదు. తకళి శివశంకరపిళ్ళ 1947లో వ్రాసిన 'తోట్టియుడె మకన్' ఆలప్పుళ పట్టణంలో మూడు తరాల కథ. చుడలముత్తు తన కొడుకుకు మోహనుడని పేరు పెట్టుకొని, తన వృత్తి వాసన ఆ బిడ్డకు సోకకుండ పెంచవలెనని తపిస్తాడు. ఆ తపనలోనే అతడు తోటివారికి ద్రోహం కూడ చేస్తాడు. తన దేహానికి అంటిన దానినుండి బిడ్డను కాపాడుకొనవలెనన్న తండ్రిబాధను ఇంత నిష్ఠురంగా చెప్పిన పుస్తకం నాకు మరొకటి కనబడలేదు. ఇక్కడ వ్యాధి సమాజానిది. కాని ఏ రోగియైన తల్లియో దీనిని చదివితే, బిడ్డను ఎత్తుకొనబోయి చేతులు వెనుకకు తీసుకొనే ఆ సంకోచాన్ని వెంటనే పోల్చుకొనగలదు.

ఇక ప్రేమ్‌చంద్. నేనీ వ్యాసానికి పూనుకొన్నది ప్రధానంగా ఆయన కోసమే.

ధన్‌పత్‌రాయ్ అనే ప్రేమ్‌చంద్ హమీర్‌పూర్ జిల్లాలో పాఠశాలల తనిఖీ ఉద్యోగం చేస్తూ ఊరూరా తిరిగే రోజులలో 'పేచిశ్' పట్టుకొన్నది. పేచిశ్ అంటే జిగటవిరేచనాలు. ఆ మాట క్రింద ఆ కాలంలో అనేక వ్యాధులు ఇమిడి ఉండెను. వాటిలో ఆయనది ఏదో ఇప్పుడు నిర్ణయించబూనడం అవివేకం. బదిలీ కోరి 1914లో బస్తీకి పోయినారు. అక్కడా తిరుగుడే కావడంవలన, తిరుగుడు లేని ఉపాధ్యాయవృత్తికే మరలివచ్చినారు. గోరఖ్‌పూరులో ఉండగా 1921 ఫిబ్రవరిలో, గాంధీజీ ఆ పట్టణానికి వచ్చి ఉపన్యసించిన అనంతరం, ప్రభుత్వోద్యోగానికి రాజీనామా ఇచ్చినారు. ఇదంతా ఆయన స్వయంగా చెప్పినారు. 1932లో 'హంస' పత్రిక ఆత్మకథా సంచికలో వచ్చిన 'జీవన్‌సార్' అనే చిన్న వ్యాసంలో ఆయన తన పేచిశ్‌ను గూర్చి, పరీక్షలను గూర్చి, పేదరికాన్ని గూర్చి ఎంత నిరాడంబరంగా చెప్పినారో అంత నిరాడంబరంగానే చెప్పినారు. క్రోన్ మొదలైనవారి వర్ణన అమెరికాలో అచ్చయినది కూడ ఆ సంవత్సరమే. కాకతాళీయమే, అయినా, ఒక భారతీయరచయిత తన కడుపును గూర్చి సిగ్గుపడక వ్రాసిన సంవత్సరంగా నాకు 1932 గుర్తుంటుంది.

ఆ వ్యాసం చివర ఆయన ఒక విశేషం చెబుతారు. దాస్యం నుండి విముక్తుడు కాగానే తొమ్మిదేళ్ళ జీర్ణవ్యాధి నుండి కూడ విముక్తుడనైనాననీ, ఆ అనుభవం తన్ను గట్టి అదృష్టవాదిగా చేసినదనీ ఆ మాటల సారాంశం. ఆ ముగింపు అందమైనది. దేశచరిత్ర ఆయన ప్రేగులలోనే జరిగినట్లు తోచుతుంది. కాని నేను దానిని నమ్మలేను. జీర్ణవ్యాధులు తమంతట తాము అణగడం వాటి స్వభావం. అణగిన దినం ఏ మహత్కార్యం చేసి ఉంటే దానికి ఆ కీర్తి దక్కుతుంది. సాంటాగ్ నిందించిన రూపకం ఇదే. ఇక్కడ దానిని ప్రయోగించినవాడు రోగియే కనుక మనం మన్నిస్తాము. వాస్తవమేమనగా కడుపు ఆయనను విడిచిపెట్టలేదు. 1936 జూన్‌లో నెత్తురు వాంతి అయినది. 'గోదాన్' వెలువడిన ఆ సంవత్సరమే, అక్టోబరు 8న, కాశీలో, యాబదియారవ యేట కడుపువ్యాధితోనే ఆయన మరణించినారు.

నా దృష్టి ఆగేది మరొకచోట. 1921లో రాజీనామా ఇచ్చేనాటికి ఆయన ఇద్దరు బిడ్డల తండ్రి. చిన్న కుమారుడు అమృతరాయ్ పుట్టినది ఆ ఏడే. జీతం వదులుకొన్న రోగి, ముగ్గురు కాబోతున్న బిడ్డలు. కథకులలో మేటి అయిన మనిషికి ఇది కథగా కనిపించలేదా? వ్యాసంలో పేచిశ్ ఉన్నది, ఉద్యోగమున్నది, గాంధీజీ ఉన్నారు, బిడ్డలు లేరు. ఆయన ప్రసిద్ధ నవలలలో తండ్రులు పస్తులుంటారు, అప్పులపాలవుతారు, హోరీ వలె వడదెబ్బకు కూలిపోతారు. ఆకలిగొన్న కడుపుకు ఆయన హిందీసాహిత్యంలో ఆసనం వేసినారు. రోగగ్రస్తమైన కడుపును తనవద్దనే ఉంచుకొన్నారు. ఆకలి అందరిది, కనుక చెప్పవచ్చును; పేచిశ్ నాది, కనుక ఒకటి రెండు పుటలు చాలు అనుకొన్నారేమో! ఆ సంయమాన్ని గౌరవిస్తూనే, దానివలన మనం కోల్పోయినదేమిటో అడగకుండ ఉండలేను.

ఆ లోటు తీర్చవలసినవారు ఆ ఇంటిలోనే ఇద్దరు వ్రాసినారు. భార్య శివరానీదేవి 1944లో 'ప్రేమ్‌చంద్ – ఘర్ మేఁ' ప్రకటించినది. ఆమె స్వయంగా కథకురాలు. కాని ఈ పుస్తకంలో కథనకౌశలాన్ని ప్రక్కనబెట్టి, భార్యాభర్తల సంభాషణలను జ్ఞాపకమున్నంతవరకు పేర్చుకొంటూ పోయినది. సాహిత్యచరిత్రకారులు దీనిని ఆధారగ్రంథంగా వాడుకొంటారు, సాహిత్యంగా అంతగా చూడరు. అది పొరపాటు. పథ్యం పెట్టడం, రాత్రి లేవడం, వద్దన్న పని చేస్తుంటే కోప్పడడం వంటి విషయాలతో రోగి ఉన్న ఇల్లు ఎట్లా నడుస్తుందో తెలిసేది ఈ పుస్తకంలోనే. గెరాసిమ్ ఇక్కడ భార్య. పాత్ర మోసిన చేతితోనే కలం పట్టినది. టాల్‌స్టాయ్ రెండు చేతులకు పంచిన పనిని ఈమె ఒక్క చేతితో చేసినది.

పద్దెనిమిదేళ్ళ తరువాత, 1962లో, అమృతరాయ్ 'కలమ్ కా సిపాహీ' వచ్చినది. దానికి 1963లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది. భారతీయభాషలలో రచయితల జీవితచరిత్రలకు ఇది ఒరవడి అయినది, తగినట్టిదే. తండ్రి పోయేనాటికి గ్రంథకర్తకు పదిహేనేళ్ళు. అంటే ఆ ఇంటిలో రోగి తండ్రిని బిడ్డచూపుతో చూచిన సాక్షి. కాని ఆయన గ్రంథంలో తండ్రిని 'నవాబ్' అనీ, పిమ్మట 'మున్షీజీ' అనీ పిలుస్తూ కథ నడుపుతారు. నాన్న అనరు. ఆ దూరం శాస్త్రీయతకు అవసరమని సమర్థించవచ్చును. చరిత్రకారునికి లాభమే కలిగినది. కాని వాస్యా పెద్దవాడై ఇవాన్ ఇల్యిచ్ చరిత్ర వ్రాసి, అందులో తన తలమీద పడిన చేతిని గూర్చి తృతీయపురుషలో చెప్పినట్లున్నది. సాంటాగ్ తన రోగాన్ని దాచి రోగాలను గూర్చి వ్రాసినట్లే, అమృతరాయ్ తన కొడుకుతనాన్ని దాచి తండ్రిని గూర్చి వ్రాసినారు. సాంటాగ్ కుమారుడు డేవిడ్ రీఫ్ తల్లి మరణాన్ని గూర్చి 2008లో పుస్తకం వ్రాసినప్పుడు ఆ తెర తీసివేసినాడు. ఆ పుస్తకం గొప్పది కాకపోవచ్చును, కాని అందులో కొడుకు ఉన్నాడు.

పాఠకులు ఇంతవరకు ఓపికపట్టినారు గనుక ఒక ప్రశ్న. పైన చెప్పిన రోగులలో ఇవాన్ ఇల్యిచ్, ప్రేమ్‌చంద్ ఇద్దరూ తండ్రులు. ఒకరికి గెరాసిమ్, ఒకరికి శివరాని. రోగి తల్లియే అయితే ఆ పాత్ర ఎవరు మోయవలెను?

ఈ ప్రశ్నను నిష్పక్షపాతంగా వేస్తున్నానని చెప్పుకొనలేను. నాకు ముప్పదియొకటవ యేట పెద్దప్రేగుకు పుండ్లుపడినవి. అప్పటికి మా అమ్మాయికి మూడేళ్ళు. విమర్శకులు స్వవిషయం చెప్పుకొనరాదన్న నియమం నేనూ పాటించినదే, ఇతరులకు బోధించినదే. సాంటాగ్‌నూ అమృతరాయ్‌నూ పట్టుకొని నిలదీసిన పిమ్మట నేను మాత్రం ఆ నియమం వెనుక కూర్చుండడం న్యాయం కాదు.

మొదటి చిక్కు భాషతోనే వచ్చినది. కడుపులో బాగుండలేదని నేనంటే మా అత్తవారివైపు పెద్దలకు ముఖాలు వికసించినవి. పెండ్లయిన ఆడది కడుపు మాట ఎత్తితే తెలుగుదేశంలో దానికి ఒకటే అర్థం. కాదు, జబ్బు అంటే, ఏమి తిన్నావని అడిగినారు. విరేచనాలంటే రెండు దినాలలో తగ్గేవి. గ్రహణి అంటే తాతలనాటి మాట, ఇప్పుడెవరికీ లేదనుకొనేది. కొలైటిస్ అంటే డాక్టరు చీటీలోది. ఏళ్ళతరబడి ఉండి, తగ్గుతూ లేస్తూ పోయే ఈ స్థితికి ఇంటిలో చెప్పుకొనే పేరు లేదు. పేరులేనిదానిని బిడ్డకు ఎట్లా చెప్పడం?

మా అమ్మాయి బాల్యమంతా ఒక తలుపుకు ఆవల గడిచినదంటే అతిశయోక్తి కాదు. ఉదయం బడి వేళకే నాకు ఉధృతం. నేను లోపల, అది గడపదగ్గర చాప వేసుకొని. ఎక్కములు అక్కడనుండియే అప్పగించేది; నేను లోపలనుండి తప్పులు దిద్దేదానను. స్టెరాయిడు మందుకు నా ముఖం గుమ్మడివలె ఉబ్బినప్పుడు నాలుగు దినాలు నా దగ్గరకు రాలేదు; అయిదవనాడు వచ్చి ముఖం తడిమి, నొప్పిగా ఉన్నదా అని అడిగినది. రైలులో ఏ పెట్టెలో మరుగుదొడ్డి ఎటువైపో, పెండ్లివిడిదిలో అది ఎన్ని గదుల అవతల ఉన్నదో నాకంటె ముందు అది చూచి వచ్చేది. మంచాన పడిన రెండు నెలలలో నీలిరంగు బకెట్టు ఒకటి మంచం ప్రక్కన ఉండేది. మావారు ఉన్నప్పుడు వారు తీసేవారు. వారు ఊళ్ళో లేని దినాలలో అది తీసినది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. నేను కళ్ళు మూసుకొనేదానను, నిద్రపోతున్నట్లు. నిద్రపోవడంలేదని దానికి తెలుసు. నేను కళ్ళు మూసుకొన్నందుకు అది ఏమీ అనలేదు.

ఆ రోజులలోనే ఒకసారి దాని పుస్తకాలసంచీలో బడికి వ్రాసిన సెలవుచీటీ నకలు దొరికినది. ముత్యాలవంటి అక్షరాలు. 'మా అమ్మగారికి జ్వరముగా ఉన్నందున' అని ఉన్నది. నాకు జ్వరం లేదు. జ్వరమని ఎందుకు వ్రాసినావని అడిగితే, మరి ఏమని వ్రాయాలి అన్నది. నేను సమాధానం చెప్పలేకపోయినాను. సాహిత్యంలో ఎం.ఏ. చదివి, నాలుగు భాషల పుస్తకాలు ముందు పెట్టుకొని కూర్చునే తల్లి తన బిడ్డకు ఒక్క మాట ఇవ్వలేకపోయినది. బిడ్డ మొదటిసారి అబద్ధమాడినది నా కోసం. అబద్ధమాడించినది నేనూ, నా భాషా కలిసి.

కావున ఈ లోపాన్ని కేవలం సాహిత్యవస్తువుల పట్టికలో ఖాళీగా నేను చూడలేను. తెలుగులో ఈ విషయానికి చాటుమాటలు కొదవలేదు. బహిర్భూమి, కాలకృత్యాలు, దీర్ఘశంక. పెరటికి పోవడం, దొడ్డికి పోవడం, చెంబు పట్టుకొని పోవడం. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలపు ఊరి పటం. వీటన్నిటిలో మనిషి ఎక్కడికి పోయినాడో ఉన్నది. అతనికి ఏమి అవుతున్నదో లేదు. మన హాస్యరచయితలు ఈ మాటలతో కావలసినంత నవ్వించినారు. ఆ నవ్వు ఆరోగ్యవంతులది. చాటుమాటల మీద నాకు కోపం లేదు. కొన్ని చాల అందమైనవి. కాని నవలలో ఒక తల్లి ఆ తలుపుకు ఆవల నలభై నిమిషాలుండి, ఈవల బిడ్డ చదువుకొనే దృశ్యం వ్రాయవలసివస్తే వీటిలో ఏదీ పనికిరాదు. యువరచయిత్రి ఒకరు అటువంటి కథ వ్రాసి నాకు చూపినారు. తల్లిజబ్బును గుండెజబ్బుగా మార్చినారు. ఎందుకంటే, పాఠకులకు జాలి కలుగవలె గదా అన్నారు. ఆ కథలో తలుపు లేదు. గుండెజబ్బుకు తలుపు అక్కరలేదు. కథ అక్కడనే పోయినది.

కొంతకాలం క్రిందట ఇవాన్ ఇల్యిచ్ కథను ఆంగ్లం మీదుగా తెలుగు చేయడానికి పూనుకొన్నాను. గెరాసిమ్ కడిగి తెచ్చి పెట్టిన ఆ వస్తువు దగ్గర కలం ఆగినది. ఆంగ్లంలో నేను చూచిన మాట 'పాత్ర' అనేటంత మర్యాదగా ఉన్నది. శౌచపాత్ర అని వ్రాసినాను. యాగశాలలో ఉపకరణంవలె వినబడినది. మలపాత్ర అన్నాను, వైద్యగ్రంథమైనది. బెడ్‌పాన్ అంటే పందొమ్మిదవ శతాబ్దపు రష్యా ఇల్లు మన ఆస్పత్రి వార్డు అయిపోతున్నది. మూడు దినాలు ఆ వాక్యం వద్దనే ఉండి, చివరకు శౌచపాత్రకే మరలివచ్చి, వ్రాతప్రతిని మా అమ్మాయికి పంపినాను. దానికి ఇప్పుడు ఇరువదియారేళ్ళు. ఉద్యోగరీత్యా పూనాలో ఉంటున్నది. తిరిగివచ్చిన కాగితాలలో ఆ ఒక్క మాటమీద గీత ఉన్నది. ప్రక్కన పెన్సిలుతో, "మనం బకెట్టు అనేవాళ్ళం గదమ్మా, అతను పల్లెటూరివాడు, ఏమంటాడు?" అని వ్రాసినది.

కుండ అని దిద్దినాను.